పదిహేడో నంబరు మిషను

బొంగరాన్ని కంప్యూటరు క్లాసులో చేర్పించింది వాళ్ల వదిన. కాలు ఒకచోట నిలవని మనిషని చొక్కాల ఫ్యాక్టరీలో తోటివాళ్లు పెట్టిన పేరది. ఫ్యాక్టరీ మూతపడి ఏడాది దాటింది. ఉద్యోగం పోయింది, జీతం పోయింది, పేరు మాత్రం వదలకుండా ఇంటిదాకా వచ్చింది. ఇప్పుడు అన్నయ్య పిల్లలు కూడా బొంగరం అత్తా అనే పిలుస్తున్నారు.

"పొద్దస్తమానం గుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్లని లెక్కపెట్టే బదులు, అక్కడికెళ్లి నాలుగక్షరాలు కొట్టడం నేర్చుకోవచ్చుగా? ఉద్యోగం లేనివాళ్లకి ఊరికే నేర్పిస్తారట. కుర్చీ ఉంటుంది, ఫ్యాను తిరుగుతుంది," అంది వదిన.

"కుర్చీ, ఫ్యానూ మనింట్లోనూ ఉన్నాయిగా వదినా."

"ఉన్నాయి. ఆ కుర్చీలో కూర్చున్నావని ఎవడైనా పిలిచి ఉద్యోగమిచ్చాడా?"

మాటకు మాట అప్పజెప్పే వదినతో గెలిచినవాళ్లు ఆ ఇంట్లో లేరు. బొంగరం మర్నాడే వెళ్లి పేరు రాయించుకుంది. అయితే ఆమె అంత తేలిగ్గా ఒప్పుకోవడానికి కారణం వదిన నోరు కాదు. ఉద్యోగం కావాలన్నది నిజమే, ఆరుగురు తినే ఇంట్లో ఒక్క అన్నయ్య సంపాదన ఏ మూలకీ రావడం లేదన్నదీ నిజమే. కానీ ఉద్యోగం కన్నా ముందు ఆమెకు ఒక మనిషి కావాలి. కంప్యూటర్లో ఎవరినైనా వెతికి పట్టుకోవచ్చని ఎవరో అనగా వింది. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచీ ఆమెకు కుదురు లేదు.

ఆ మనిషి సంగతి చెప్పాలంటే ఫ్యాక్టరీ సంగతి చెప్పాలి. అక్కడ ఒక్కో కుట్టుమిషనుకు ఇద్దరేసి మనుషులు. పదిహేడో నంబరు మీద పొద్దుటి షిఫ్టు ఒకావిడది, మధ్యాహ్నం షిఫ్టు బొంగరానిది. ఇద్దరి పనీ చొక్కా కాలర్లు కుట్టడమే. దిగేవాళ్లు మిషనును ఖాళీగా వదలకూడదని అక్కడొక పద్ధతి ఉండేది. కాలరు సగం కుట్టి, సూదిని గుడ్డలోకి దింపి లేవాలి. ఎక్కేవాళ్లు ఆ సగం నుంచే అందుకోవాలి. మిషను క్షణం కూడా ఆగకూడదని యజమాని పెట్టిన పద్ధతే అది. కానీ ఒకరు వదిలిన సగాన్ని ఇంకొకరు పూర్తిచేస్తూ ఆరేళ్లు గడిచాక, దానిమీద యజమానికి ఏం హక్కుంటుంది?

షిఫ్టు మారేటప్పుడు పది నిమిషాలు దొరికేవి. ఆవిడ చేతులు కడుక్కుని, టిఫిను డబ్బా సర్దుకునేలోగా బొంగరం తన ఇంటి రామాయణమంతా ఏకరువు పెట్టేసేది. వదిన ఏమంది, తనేమంది, అన్నయ్య నడుం ఎలా ఉంది, అన్నీ. ఆవిడ వినేది. నవ్వేది. "సరేలేవే, ముందు దారం ఎక్కించుకో," అనేది. బొంగరం ఆవిడను అక్కా అనేది. మిగతావాళ్లు పదిహేడో నంబరక్క అనేవాళ్లు. ఆవిడకు ఎంతమంది పిల్లలో, అసలు ఉన్నారో లేరో, ఏ వీధిలో ఉండేదో, ఆరేళ్లలో బొంగరం ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. చెప్పుకోవడానికి తన గొడవే పది నిమిషాలకు సరిపోయేది కాదు మరి.

ఒకరోజు అక్క దిగి వెళ్లిన అరగంటకు సూపర్‌వైజరు నలభై కాలర్లు తెచ్చి బల్లమీద కుప్ప పోశాడు. అన్నిటికీ ఒక మొన పొడుగు, ఒక మొన పొట్టి.

"ఇవెవరి చేతివి?" అన్నాడు.

బొంగరానికి చూడగానే తెలిసింది. కుట్టు చివర ఊడిపోకుండా వెనక్కి కొన్ని కుట్లు వేస్తారు. ఆమె రెండు వేస్తుంది, అక్క మూడు వేస్తుంది. కుప్పలో అన్నిటికీ రెండేసే ఉన్నాయి. లెక్కపెట్టడం వచ్చిన ఎవరికైనా తెలిసిపోయే సంగతే, కానీ ఆయన లెక్కపెట్టలేదు.

"నీవి కావుగా?" అన్నాడు.

ఆ ఏడాది అన్నయ్య నడుం పడిపోయి మంచంలో ఉన్నాడు. ఇల్లంతా ఆమె చేతిమీదే నడుస్తోంది. అవునని చెప్పడానికి నోరు పెగల్లేదు. కాదని అబద్ధమూ ఆడలేదు. తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కించుకుంటూ ఉండిపోయింది. ఆ మౌనాన్ని సూపర్‌వైజరు తనకు కావలసినట్టు రాసుకుని వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె వెళ్లేసరికి పదిహేడో నంబరు దగ్గర ఇంకెవరో ఉన్నారు. పొద్దున్నే అక్కను పిలిచి ఆ కాలర్లు చూపించారట. అక్క ఒకటి తీసుకుని, తిరగేసి, కుట్టు చివర వేలితో తడిమి చూసి, మళ్లీ కుప్పలోనే పెట్టేసిందట. ఒక్కమాట కూడా అనకుండా డబ్బా తీసుకుని వెళ్లిపోయిందట. అంటే ఆవిడకు తెలిసింది. ఎవరివో తెలిసే ఊరుకుంది. బొంగరాన్ని ఇప్పటికీ కోస్తున్నది ఆ వేలితో తడిమి చూడటమే. తిట్టి వెళ్లి ఉంటే ఎంత బాగుండేదో.

ఆరు నెలలకు ఫ్యాక్టరీకే తాళం పడింది. రిజిస్టర్లు ఎటుపోయాయో తెలియదు, మనుషులు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. కనిపించినవాళ్లనల్లా అడిగింది. పదిహేడో నంబరక్కేగా, ఎందుకు తెలీదు, అన్నవాళ్లే తప్ప ఆవిడ అసలు పేరు తెలిసినవాళ్లు ఒక్కరూ తగల్లేదు.

కంప్యూటరు క్లాసు మందుల దుకాణం పైన పొడుగాటి గదిలో జరుగుతుంది. పన్నెండు కంప్యూటర్లు, రెండు బ్యాచ్‌లు. పొద్దుటి వాళ్లు పన్నెండింటికి వెళ్లిపోతారు, మధ్యాహ్నం వాళ్లు ఒంటిగంటకు వస్తారు. నేర్పించే సారు బొంగరం కన్నా చిన్నవాడు. ఆడవాళ్లందరినీ అక్కా అంటాడు. అతను అలా పిలిచినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడేది.

రెండో వారంలో అతను వెతకడం నేర్పించాడు. "ఏం కావాలన్నా ఈ గీతలో కొట్టండి. ఎక్కడున్నా పట్టుకొస్తుంది," అన్నాడు.

 బొంగరం పక్కవాళ్లు చూడకుండా తెరకు అడ్డంగా వంగి, ఒక్కో అక్షరమే ఏరుకుని, 'పదిహేడో నంబరు మిషను అక్క' అని కొట్టింది. అమ్మకానికున్న పాత కుట్టుమిషన్లు వచ్చాయి. పదిహేడో తారీకున పుట్టినవాళ్ల జాతకాలు వచ్చాయి. ఎవరో ఒక అక్క ప్రత్యక్షమై, బట్టలుతికే మిషనును ఎలా శుభ్రం చేసుకోవాలో తీరిగ్గా చెప్పుకుపోయింది. వెనక నుంచి చూసిన సారు నవ్వాపుకున్నాడు.

"పేరు కొట్టండక్కా. పేరు లేకపోతే పాపం అదెలా వెతుకుతుంది?"

ఆ మాటకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తెర వెలుతురు కళ్లకు పడటం లేదని సర్దిచెప్పింది.

తర్వాత బొమ్మలు వెతకడం నేర్చుకుంది. ఫ్యాక్టరీ మూసేసిన రోజున గేటు ముందు గుమిగూడిన ఆడవాళ్ల ఫోటో ఒకటి దొరికింది. అక్క అప్పటికే వెళ్లిపోయిందని తెలుసు. అయినా ఎవరినైనా కలుసుకుందామని ఆరోజు వచ్చి ఉండకూడదా? వెనక వరుసలో ఒకావిడ తల పక్కకు వంచి నిలబడింది. బొంగరం ఆ తలను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ముఖం గళ్లుగళ్లుగా విడిపోయింది, అయినా ఆపలేదు. చివరికి తెరంతా నాలుగు గోధుమరంగు గళ్లు మిగిలాయి. ఆ గళ్లనే కాసేపు చూస్తూ కూర్చుంది.

చివరి నెలలో సారు అసలు పని తెచ్చాడు. గ్రంథాలయంలో పాతకాలపు కార్డులున్నాయి. పుస్తకం పేరు, రాసినవారి పేరు, బీరువా నంబరు, అన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించాలి. ఒక్కో కంప్యూటరుకు ఒక్కో పెట్టె కార్డులు. పొద్దుటి మనిషీ మధ్యాహ్నం మనిషీ కలిసి ఒకే షీటు నింపాలి. "బాగా చేసిన షీటు నుంచి ఒకరి పేరు పంపమన్నారు. గ్రంథాలయంలోనే ఉద్యోగం. ఒక్కటే," అన్నాడు. బొంగరం కూర్చునేది ఏడో నంబరు మీద.

మొదటిరోజు నాలుగింటికి అందరూ షీట్లు మూసి లేచారు. ఆమె మూయలేదు. పుస్తకం పేరు కొట్టి, బీరువా నంబరు గడి ఖాళీగా ఉంచి, అక్షరం పడేచోటి గుర్తు అక్కడ టపటప కొట్టుకుంటూ ఉండగా లేచి వచ్చేసింది. కావాలని చేసింది కాదు. ఆరేళ్లు సూది గుడ్డలో దింపి లేచిన చెయ్యి అది. మర్నాడు సారు చెడామడా వాయించాడు. "సేవ్ చేసి మూసి వెళ్లమని ఎన్నిసార్లు చెప్పానక్కా? సగంలో వదిలేస్తే ఎలా?"

ఆమె సీట్లో కూర్చుని చూసింది. సగం వదిలిన వరుస పూర్తయి ఉంది. దాని కింద ఇరవై వరుసలు నిండాయి. చివరి వరుస ఆమె వదిలినట్టే సగంలో ఆగింది. పక్కనున్న ఖాళీ గడిలో మూడు చుక్కలు పెట్టి ఉన్నాయి.

మూడు. కుట్టు చివర అక్క వేసేవీ మూడే.

ఆ తర్వాత మూడు వారాలు ఆమె ఇంట్లో ఎవరికీ చిక్కలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది, పిలిస్తే పలకలేదు. "ఎవర్నైనా చూసుకుందా ఏంటి?" అని వదిన అన్నయ్యను గిల్లి అడిగింది. ఒక్క పొద్దున వెళ్లి గుమ్మంలోంచి తొంగిచూస్తే తేలిపోయే సంగతి. రెండుసార్లు వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. అక్క అయితే ఏ ముఖం పెట్టుకుని ఎదురుపడాలి? అక్క కాకపోతే ఇన్నాళ్ల తర్వాత దొరికిన ఈ మూడు చుక్కలూ పోతాయి. చూడకుండా ఉన్నంతకాలం అక్క అక్కడ ఉంది. పొద్దుటి షిఫ్టు చేసి, సగం వదిలి, వెళ్తోంది. బొంగరానికి అదే పదివేలు.

అలాంటి సంతోషంలోనే ఒక మధ్యాహ్నం అక్క పని తేలిక చేద్దామనుకుంది. బీరువా నంబర్లు గజిబిజిగా ఉన్నాయి. వాటిని వరుసలో సర్దే మీట ఉందని సారు నేర్పించాడు. ఫ్యాక్టరీలో కాలర్ల కట్ట వేరు, చేతుల కట్ట వేరు. ఏ కట్టకా కట్టను సైజువారీగా సర్దిపెడతారు, కలిపి కుట్టేవాళ్లు వేరే ఉంటారు. ఆమె బీరువా నంబర్ల కాలమ్ ఒక్కదాన్నే పట్టుకుని మీట నొక్కింది. ఏదో పెట్టె వచ్చి ఏదో అడిగింది, సరేనంది. నంబర్లన్నీ ఒకటి నుంచి బుద్ధిగా బారులు తీరాయి. ఎంత ముచ్చటగా ఉందో అనుకుని మురిసిపోయి లేచింది.

పుస్తకాల పేర్లు మాత్రం కదలకుండా ఎక్కడివక్కడే ఉన్నాయి. అంటే ఏ పుస్తకానికీ దాని బీరువా లేదు. బాలింతల ఆరోగ్యం చట్టాల బీరువాలోకి పోయింది, కోళ్ల పెంపకం వ్యాకరణాల్లో చేరింది.

వారం తర్వాత సారు ఆమెను తన బల్ల దగ్గరికి పిలిచాడు. షీటు తెరిచి ఉంది. దాన్ని చూస్తూ ఉండగా బొంగరానికి అర్థమైంది. పోయిన గురువారం. తన చెయ్యే.

"మీది ముందే పూర్తయింది, తప్పుల్లేవు, మీ పేరే పంపుదామనుకున్నాను," అన్నాడు సారు. "తీరా చూస్తే ఆరొందల వరుసలు ఇలా తగలడ్డాయి. మీకు సార్ట్ చెయ్యడం ఎంత బాగా వచ్చో నాకు తెలుసు, మీ పని కాదులెండి. పొద్దుటి బ్యాచ్ ఆయన్ని అడిగాను. 'మీరు చేశారా' అంటే బుర్ర గోక్కుని, 'అయ్యుండొచ్చు సార్' అన్నాడు. పెద్దాయన, ఏమంటాం? మళ్లీ సరిచేయిస్తాను. మీ పేరు మాత్రం పంపేస్తా."

ఆయన.

మూడు వారాలుగా ఏడో నంబరు కుర్చీలో కూర్చున్న అక్క ఆ ఒక్క మాటతో లేచి వెళ్లిపోయింది.  ఎవరో పెద్దాయన. ముక్కూ ముఖం తెలియని మనిషి. ఆ కాలర్లలాంటి తప్పునే మీద వేసుకుని ఊరుకున్నాడు. ఆయనకు ఆమె ఏమీ బాకీ లేదు. సారు ఏమీ అడగడం లేదు కూడా, అడక్కుండానే ఉద్యోగం చేతిలో పెడుతున్నాడు. తల వంచుకుంటే చాలు. ఎలా వంచుకోవాలో ఆమెకు బాగా తెలుసు.

ఇంట్లో వదిన ముఖం గుర్తొచ్చింది. గ్రంథాలయానికి వెళ్లడానికి పనికొస్తుందని నిన్ననే తన చీర ఒకటి ఇస్త్రీ చేసి పక్కన పెట్టింది వదిన.

"సార్, ఇందులో ఏ మార్పు ఎప్పుడు చేశారో కనిపిస్తుందని చెప్పారు కదా. అది తియ్యండి," అంది.

"ఎందుకక్కా ఇప్పుడు?"

"తియ్యండి సార్. గురువారం చూడండి."

తీశాడు. షీటు ఎప్పుడూ మూసేవారు కాదు కాబట్టి ఇద్దరి పనీ ఏడో నంబరు పేరు మీదే ఉంది. గంటలు మాత్రం వేరు. గురువారం, మధ్యాహ్నం మూడూ పన్నెండు, బీరువా నంబర్లు మారాయి. కుట్లు లెక్కపెట్టినంత తేటగా ఉంది.

"నాదే సార్ ఆ చెయ్యి. ఆయనది కాదు," అంది బొంగరం. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో చూసి ఆమెకే ఏడుపొచ్చింది. ఇంత చిన్న మాట. అప్పుడు ఎందుకు రాలేదు?

సారు షీటు మూసేశాడు. "ఇప్పుడు మీ పేరు పంపలేనక్కా," అన్నాడు. బదులుగా ఆ పెద్దాయన పేరు పంపాడు.

ఇంటికి వెళ్లి చెబితే వదిన నోరెత్తలేదు. ఎప్పుడూ గలగలా పారే మనిషి అలా ఊరుకోవడం బొంగరానికి ఎత్తిపొడుపు కన్నా బరువుగా తోచింది. వదిన చీర మడిచి బీరువాలో పెట్టింది. కాసేపటికి, "మళ్లీ ఎప్పుడు పిలుస్తారట?" అని మాత్రం అడిగింది. బొంగరం తెలీదంది.

మర్నాడు ఒంటిగంటకు ఆమె వెళ్లేసరికి మెట్ల దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. యాభై ఐదేళ్లుంటాయి. కళ్లజోడు దారంతో మెడకు కట్టుకున్నాడు.

"ఏడో నంబరు నువ్వేనా అమ్మా?" అన్నాడు. "గంట నుంచి చూస్తున్నా. ఎందుకు చెప్పావు? ఆ సారు ఎలాగూ చూసేవాడు కాదు."

"మీరెందుకు అయ్యుండొచ్చన్నారు? మీది కాదని మీకు తెలీదా?"

"తెలుసు. శుక్రవారం పొద్దున్నే చూశాను. సరిచేద్దామని మొదలుపెట్టాను కానీ, కొత్త కార్డులు ఎక్కిస్తూ మధ్యలో నా చేతి వేగానికి పదకొండు వరుసలే అయ్యాయి." ఆయన సిగ్గుపడుతూ నవ్వాడు. "నేను సినిమా హాల్లో ఆపరేటర్నమ్మా. ముప్పై ఏళ్లు. ఇద్దరం ఉండేవాళ్లం. రీలు తెగిందనుకో, ఓనరు పైకొచ్చి ఎవరి చేతిలో తెగిందిరా అనేవాడు. కింద జనం కుర్చీలు విరగ్గొడుతుంటే అది తేల్చుకోవడానికి టైమెక్కడ? దగ్గరున్నవాడు నాదే అనేసేవాడు."

"మరి రెండోవాడి మీద కోపం రాదా?"

"కోపమా?" ఆయన ఆలోచించాడు. ఆ ప్రశ్న ఎప్పుడూ ఎవరూ అడిగినట్టు లేదు. "తెగింది అతికించేసరికే చెమటలు పట్టేవి. మళ్లీ ఆట మొదలయ్యాక గుర్తుండేది కాదు."

బొంగరం మెట్టు మీద కూర్చుండిపోయింది. అది అక్క చెప్పిన మాట కాదు. అక్కకు మళ్లీ ఆట మొదలైందో లేదో ఎవరికి తెలుసు? వేరే మిషను దొరికిందో, ఇంట్లో గిన్నెలు కడుక్కుంటూ ఆ నలభై కాలర్లనూ తలుచుకుంటోందో. ఎవరో ఆపరేటరు గుండె మంచిదైనంత మాత్రాన తన తప్పు తీరదు. అయినా ఆ మాట వినాలని ఉంది. ఇంకోసారి చెప్పమని అడగాలని ఉంది.

"ఆ మూడు చుక్కలు ఎందుకు పెట్టేవారు?" అంది.

"అదా, పాత అలవాటు. ఒక రీలు అయిపోవస్తోందంటే తెర మూల చుక్క పడుతుంది. అది చూసి రెండో మిషను వెయ్యాలి. నువ్వు సగంలో ఆపి వెళ్లడం చూసి, ఓహో ఈ పిల్లకి పని అప్పజెప్పడం తెలుసే అనుకున్నా. ఒకటే పెడితే నా కళ్లకే ఆనడం లేదు, అందుకని మూడు."

నవ్వొచ్చింది ఆమెకు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆయన కంగారుపడి, సోమవారం నుంచి గ్రంథాలయానికి వెళ్తున్నానని, వాళ్లకు ఇంకో మనిషి కావాలేమో అడుగుతానని, నీ పేరు చెప్తానని గడగడా చెప్పాడు. కావాల్సి వస్తుందో లేదో ఆయనకూ తెలియదు, ఆమెకూ తెలియదు. ఆయన వెళ్లడానికి తిరిగాడు.

"ఉండండి," అంది బొంగరం, గబుక్కున లేచి. "మీ పేరేంటండీ?"

"నా పేరా? అందరూ ఆపరేటరనే..."

"అది కాదు. అసలు పేరు. ఇంటిపేరుతో సహా చెప్పండి. ఏ వీధిలో ఉంటారో కూడా."

ఆయన వింతగా చూసి చెప్పాడు. ఆమె సంచిలోంచి క్లాసు పుస్తకం తీసి చివరి పేజీలో రాసుకుంది. రాసింది పైకి చదివి వినిపించి, సరిగ్గా ఉందని ఆయన తలూపాక, ఇంట్లో ఎవరెవరుంటారని అడిగింది. పెళ్లయిన కూతురు, మతిమరుపు పట్టిన తల్లి. అదీ రాసుకుంది. పది నిమిషాలు ఆయన మాట్లాడాడు, ఆమె వింది.

ఆయన వీధి మలుపు తిరిగి వెళ్లేదాకా అక్కడే నిలబడింది. తర్వాత ఆయన పేరు కింద గీత గీసి, అక్క అని రాసి, కలం పట్టుకుని ఆగింది. పేరు రావలసిన చోట మూడు చుక్కలు పెట్టి, పుస్తకం మూసి, మెట్లెక్కింది.